సరోజినీ మేడమ్ నేర్పిన నల్లగీతలు

ఢిల్లీ మునీర్కాలో మా ఇంటి కింది దుకాణంలో నిన్న సాయంత్రం స్కానర్ ఒక పనీర్ ప్యాకెట్టును ఎంతకీ చదవలేదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది, పైనంతా చెమ్మ, ముడతలు. కౌంటర్ దగ్గరి అమ్మాయి దాన్ని చున్నీతో తుడిచింది, రెండు చేతులా సాగదీసింది, అటూ ఇటూ తిప్పింది. నా వెనక వరసలో వాళ్లు విసుక్కుంటుండగా చివరికి స్కానర్ కీచుమంది. రోజంతా ఆ చప్పుడు వింటూ గడిపే ఉద్యోగం నాది. ఇంటికొచ్చాక అది వినాలనిపించదు. కానీ నిన్న విన్నప్పుడు సరోజినీ మేడమ్ గుర్తొచ్చింది. సంచి పక్కన పెట్టుకుని మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను.

సివిల్స్ చివరి ప్రయత్నమూ పోయాక, కరీంనగర్ తిరిగి వెళ్లడానికి మొహం చెల్లక, కటవారియా సరాయ్‌లో అద్దెగదిలోనే ఉంటూ దగ్గర్లోని ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరాను. శాంపిళ్లు తీసుకునే విభాగానికి సరోజినీ మేడమ్ పెద్ద. అనంతపురం మనిషి. భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవారు. యాభై దాటిన వయసు, నిద్ర చాలనట్టుండే కళ్లు. ఆమె గొంతులో అలసట ఉండేది గాని చిరాకు ఉండేది కాదు.

చేరిన కొత్తలో, బార్‌కోడ్ లేబులు అంటించిన ఒక రక్తం ట్యూబు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"మేడమ్, స్కానర్ దీన్ని చదువుతలేదు."

"చదవదు పాపా. లేబులు ట్యూబు చుట్టూ చుట్టేసినావు. సగం గీతలు వెనక్కి పోయినాయి. నిలువుగా అంటించల్ల."

పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. స్కానర్ ఎర్రటి వెలుతురు వేస్తుంది. తెల్లటి జాగా దాన్ని తిప్పి కొడుతుంది, నల్లగీత మింగేస్తుంది. ఎంతసేపు వెలుగు, ఎంతసేపు చీకటి అన్నదొక్కటే దానికి తెలుస్తుంది. సన్నగీత, లావుగీత, మధ్య సందులు కలిసి ఒక్కో అంకె అవుతాయి. రెండు చివర్లా కాస్త ఖాళీ వదలకపోతే ఎక్కడ మొదలైందో పోల్చుకోలేదు. ప్రింటరు మూత తెరిచి వేడెక్కే పట్టీని చూపించింది. అందులో ఒక్క చుక్క పాడైనా లేబులు పొడవునా తెల్లటి చార పడి గీత సన్నబడిపోతుందట. ఆఖరి అంకె మిగిలిన అంకెలతో లెక్క కుదిరితేనే స్కానర్ కీచుమంటుంది.

"కుదరకపోతే నోరు మూసుకుంటాది," అని నవ్వింది. "ఆ గుణం మన్లో యాడుంది?"

ఒక మధ్యాహ్నం ఒక పిల్లల డాక్టరు ఫోన్ చేశాడు. ఎనిమిది నెలల పాప రిపోర్టులో మూత్రపిండాలు దాదాపు చెడిపోయినట్టు ఉందని, పాప మాత్రం ఎదురుగా ఆడుకుంటోందని. కంప్యూటర్లో తప్పేమీ కనిపించలేదు. మేడమ్ పరీక్షయ్యాక ట్యూబులు దాచే అర తెరిచి పాప నంబరున్న ట్యూబు తీసింది. అది దాదాపు నిండా ఉంది.

"పసిబిడ్డ ఒంట్లోంచి ఇంత రక్తం ఎవరన్నా తీస్తారా?" అంది మెల్లగా.

లేబుళ్లు ముందే అందరివీ ఒకేసారి ప్రింటు తీసి పెట్టుకుంటే ఎవరో రెండు తారుమారుగా అంటించారు. పాప రక్తం ఒక ముసలాయన పేరు మీద, ఆయనది పాప పేరు మీద వెళ్లాయి. అంతా బాగుందన్న రిపోర్టు పట్టుకుని ఆయన అప్పటికే ఫరీదాబాద్ వెళ్లిపోయాడు.

మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. "మెషీన్ ప్రాబ్లమ్ అని చెప్పి మళ్లీ శాంపిల్ అడగండి. చాలు."

"మెషీన్ సరిగ్గానే చదివింది సార్. అంటించింది మనం. మెషీన్ అని చెప్తే ఆ పెద్దాయన తీరిగ్గా రేపో ఎల్లుండో వస్తాడు."

అక్కడే నిలబడి ముసలాయన కొడుక్కి ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పి, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లమంది. సాయంత్రం పాపను ఎత్తుకుని తల్లి వచ్చింది. "ఫిర్ సే సుయీ?" అని ఏడ్చింది. మళ్లీ సూదా అని. "గల్తీ హమారీ హై, బేటా," అని మేడమ్ తప్పు ఒప్పుకుంది. ఆ తల్లి నోటికొచ్చినట్టు తిట్టింది. మేడమ్ తలవంచుకుని విని, పాప చెయ్యి తన అరచేతిలో వెచ్చబరిచి, రక్తం తానే తీసింది. పాపకు ఏ జబ్బూ లేదు. ముసలాయన కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండానే మేడమ్‌ను బేస్‌మెంట్ స్టోరుకు మార్చారు. లేబుల్ రోళ్లు సర్దడం, ప్రింటర్లు తుడవడం అక్కడి పని. ఆమె కుర్చీ నాకిచ్చారు. నేను కిందికి వెళ్లి ఏదో అనబోతే, "కూర్చో పాపా, టీ తాగుదాం. ఇక్కడ ఫోన్లు మోగవు," అంది.

చలి మొదలైన ఒక ఉదయం ఆమె స్టోరులోంచి పైకొచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చుని స్వెటరు చెయ్యి పైకి లాగింది. డాక్టరు చీటీ ముందు పెట్టింది. అందులో రాసినవి క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేయించే పరీక్షలని నాకు తెలుసు. లేబులు ప్రింటు తీయబోయాను.

"లేబులు తీసేముందు పేరడగల్ల కదా," అంది.

"మీ పేరు నాకు తెల్వదా మేడమ్?"

"నీకు తెలుసు. అలసిపోయినప్పుడు తెలిసినోళ్ల దగ్గరే చెయ్యి తప్పుతాది. అడుగు."

అడిగాను. చిన్నపిల్లలా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. ట్యూబు నా చేతిలోంచి తీసుకుని లేబులు ఆమే నిలువుగా అంటించింది. "నా ట్యూబు ముందుకు తొయ్యొద్దు. వరసలోనే పోనీ."

వరసలోనే పోయింది. రిపోర్టు మేము భయపడినట్టే వచ్చింది. క్వార్టరు ఖాళీ చేసి వాళ్లు అనంతపురం వెళ్లిపోయారు. వైద్యం బెంగళూరులో. అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడేది. తన సంగతి రెండు మాటల్లో ముగించి, ప్రింటర్లు ఎవరు తుడుస్తున్నారని అడిగేది. మరుసటి వేసవిలో ఆమె నంబరు నుంచే ఫోన్ వస్తే "మేడమ్" అంటూ ఎత్తాను. అటువైపు ఆమె కూతురు. ఢిల్లీలో పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. "దీదీ, మమ్మీ నహీఁ రహీ," అంది. అక్కా, అమ్మ ఇక లేదని. నేను తెలుగులో ఏడ్చాను, తను హిందీలో ఏడ్చింది.

ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాను. సాయంత్రానికి నడుము లాగేస్తుంది, ముఖాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. "చీటీ మీద ఉంది కదా, మళ్లీ పేరెందుకు?" అని పరీక్షకొచ్చినవాళ్లు కసురుకుంటారు. జవాబు చెప్పే ఓపిక నాకూ ఉండదు. లేబుల్ ప్రింటు తీయకుండా, వాళ్ల ముఖం చూస్తూ, వాళ్లు పేరు చెప్పేదాకా ఊరికే ఆగుతాను.