గ్లాసులో కదలని నీళ్ళు

బాయిలర్‌లో నీటి మట్టం చూపడానికి పక్కన ఉండే గాజు గొట్టం నీళ్ళతో నిండుగా ఉన్నా, బొత్తిగా ఖాళీగా ఉన్నా చూడటానికి ఒకేలా ఉంటుంది. ఈ సంగతి నాకు పనిలో కాదు, లైబ్రరీలో తెలిసింది. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండేది.

కార్ఖానా అనే బస్తీలో, ఒక ఆవిరి లాండ్రీలో నేను, ఇంకో పెద్దాయన చెరో షిఫ్టు బాయిలర్ చూసేవాళ్ళం. ఆ బాయిలర్ అసలు ఓడది. విశాఖలో విప్పేసిన ఓడ నుంచి కొని రైల్లో తెచ్చారు. పెద్దాయన కూడా ఓడ నుంచి వచ్చినవాడే. కాకినాడ మనిషి. ఇరవై ఏళ్ళు సముద్రం మీద నిప్పు దగ్గర పనిచేసి, భర్త పోయిన కూతురికి తోడుగా ఉందామని సీతాఫల్‌మండికి చేరాడు. ఆ ఇల్లు ఆయన జీతం మీదే నడిచేది. నేను ఆయన్ని చిచ్చా అనేవాణ్ణి.

పదో తరగతి తప్పాక నన్ను చదివించింది బ్రాంచి లైబ్రరీయే. అక్కడ ఓడ బాయిలర్ల మీద పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. గొట్టం వెనక ఏటవాలు చారల అట్ట పెడితే, నీళ్ళున్నంత మేర చారలు ఎదురువైపు వాలినట్టు కనిపిస్తాయని అందులో ఉంది. మర్నాడే అట్ట మీద నల్ల చారలు గీసి కట్టాను.

"ఓర్నీ! మా ఓడలో రేకు మీద ఉండేయి ఈ గీతలు. నువ్వు లైబ్రరీలో కూచుని పట్టేశావా?" అని చిచ్చా ఇస్త్రీ చేసే ఆడవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. తర్వాత నా భుజం తట్టి అన్నాడు: "కానీ అబ్బాయ్, గొట్టంలో నీళ్ళున్నాయనే చెప్తది ఇది. బాయిలర్లో ఉన్నాయని చెప్పదు. కుళాయిలు తిప్పి చూడాల్సిందే."

"కండ్లకు కనబడుతుంటే మళ్ళ తిప్పుడెందుకు చిచ్చా?"

"దారి మూసుకుపోతే పాత నీళ్ళే కనబడతాయి. బతికున్న నీళ్ళు వణుకుతాయి. పుస్తకంలో ఓడ ఊగుద్దా ఏంటి?"

షిఫ్టు మారేటప్పుడు ఇద్దరం కలిసి తిప్పేవాళ్ళం. గొట్టానికి పైన ఆవిరి దారి, కింద నీటి దారి. ఒకటి మూసి ఇంకోటి తెరిచి, రెండింట్లోంచీ ధార బయటికి దూకితేనే రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలు. అది ఆయన ఓడ నుంచి తెచ్చిన అలవాటు. బిగుసుకున్న ఆ కుళాయిలన్నా, ముంజేతి మీద చిందే వేడినీళ్ళన్నా నాకు విసుగు.

ఒకసారి ఆయన చెల్లెలి కూతురి పెళ్ళికి రెండు వారాలు కాకినాడ వెళ్ళాడు. రెండు షిఫ్టులూ నేనే చూశాను. ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా తిప్పలేదు. చారలు చూసుకుంటూ గడిపేశాను.

ఆయన తిరిగొచ్చింది ఆదివారం. చర్చి నుంచి నేరుగా, తెల్ల చొక్కాతోనే వచ్చాడు. పదిన్నర దాటింది. పదకొండుకు లైబ్రరీ మూస్తారు. ఆ పుస్తకం రెండో భాగం నాకోసం పక్కన పెట్టి ఉంచారు.

"రా అబ్బాయ్, తిప్పుదాం."

"ఇప్పుడే తిప్పిన చిచ్చా. రెండు దార్లు సాఫ్ ఉన్నయ్. లైబ్రరీ బందైతది, జెర పోనీయరాదూ."

"పో పో, కలెక్టర్‌వి అవుదువుగానీ," అని నవ్వి సంతకం పెట్టాడు.

చారలు గొట్టంలో సగానికి పైదాకా ఎదురు వాలి ఉన్నాయి. ఆ పొద్దున పంపుతో నీళ్ళు ఎక్కించాల్సిన అవసరమే పెద్దగా రాలేదు. ఎందుకు రాలేదని నేను ఆలోచించలేదు.

మధ్యాహ్నం రెండో భాగం ఆయనకు చూపిద్దామని వెళ్తే, లాండ్రీ ముంగిట్లో అందరూ బయట నిలబడి ఉన్నారు. నీళ్ళు మరీ తగ్గితే కరిగిపోయి, ఆవిరిని నిప్పు మీదికి వదిలే సీసపు బిరడా ఒకటి బాయిలర్‌లో ఉంటుంది. అది కరిగింది. బొగ్గు వేస్తున్న చిచ్చా మీదికి ఆవిరీ బూడిదా ఎగజిమ్మాయి. కుడిచెయ్యి మోచేతిదాకా ఉడికిపోయింది. ఇస్త్రీ ఆడవాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తున్నారు.

మెకానిక్ గొట్టం విప్పాడు. కింది దారి నిండా సున్నపు గార గట్టిగా పేరుకుని ఉంది.

"తిప్పి చూడకుండనే సంతకం పెట్టినవా పెద్దమనిషీ?" అన్నాడు లాండ్రీ యజమాని సేఠ్.

"పెట్టాను. నేను తిప్పి చూసుకోలా," అన్నాడు చిచ్చా. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని నేనూ నోరు తెరవలేదు. ఆయన్ని తీసేశారు. ఆయన షిఫ్టు కూడా నాకే ఇచ్చారు.

వారం తర్వాత బత్తాయిలు పట్టుకుని సీతాఫల్‌మండి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన కూతురు చాయ్ ఇచ్చి, నాన్నకు ఎక్కడైనా వాచ్‌మన్ పని చూడమని అడిగింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆయన నెమ్మదిగా అడిగాడు:

"అబ్బాయ్, ఆ రోజు తిప్పావు కదా?"

గ్లాసులోకి చూస్తూ "తిప్పిన చిచ్చా," అన్నాను.

"సరే. అయితే నువ్వెళ్ళాకే మూసుకుపోయుంటది," అని బత్తాయి ఒకటి తీసి నా చేతిలోనే పెట్టాడు.

అంత గార గంటా రెండు గంటల్లో పేరుకోదు. ఇరవై ఏళ్ళు ఓడల్లో పనిచేసిన మనిషికి అది తెలియకపోదు. నాకూ తెలుసు. ఆ పుస్తకం మొదటి భాగంలోనే ఉంది.