మరక పడని ప్యాంటు

మా బావ పాతికేళ్లు నేల మీద కూర్చుని జీతం తీసుకున్నాడు. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. ఎగతాళికైతే ఇంకా బాగా అనగలను. బొగ్గు తవ్వేచోట బొగ్గుకంటే పనికిరాని రాయీ మట్టీ ఎక్కువ వస్తాయి. వాటినన్నింటినీ ఎక్కడో ఒకచోట గుట్టగా పోయాలి. ఆ గుట్ట జారిపోకుండా దాని కింద నేలను ముందే సిద్ధం చేయించడం మా అక్క మొగుడి ఉద్యోగం.

పారబోసేదానికి పునాది ఏమిటని అందరూ నవ్వుతారు. గనిలో మట్టి నెట్టే డోజరు నడపడానికి ఎక్కిన కొత్తలో నేనూ నవ్వినవాణ్ణే. చెట్లూ వేళ్లూ తీయించాలి. పైనున్న మెత్తటి మట్టిని గీకించి వేరేచోట పెట్టించాలి. గట్టి నేల తగిలాక, వాలుగా ఉన్నచోట మెట్లు కొట్టించాలి. ఎగువనుంచి వచ్చే వాననీళ్లు పక్కకు పోయేలా కాలువ తీయించాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ఊటలు వెతకడం ఒక ఎత్తు. గుట్ట కింద ఒక్క ఊట మిగిలిపోయినా, నీళ్లకు దారి లేక లోపలే చేరి, ఏదో ఒక వానాకాలంలో ఆ రాయినంతా కిందికి తోసేస్తాయి.

ఊటలకోసం ఆఫీసువాళ్లు నేలలోకి గొట్టాలు దింపి చూసేవారు. బావ వాళ్ల లెక్కలు చూసి, తలూపి, తర్వాత ఆ గీకిన నేలమీద బాసింపట్టు వేసుకుని పావుగంట కూర్చునేవాడు. లేచి ప్యాంటు వెనక తడుముకునేవాడు. చెమ్మ తగిలిందా, అక్కడ తవ్వాల్సిందే. పెద్ద రాళ్లు పేర్చి, పైన కంకర పరిచి, నీళ్లను బయటికి పంపాల్సిందే. ఆయన పది అడుగులకొకచోట అలా కూర్చుంటూ పోతుంటే, మేం వెనక ఇంజన్లు ఆపుకుని గోళ్లు గిల్లుకుంటూ ఉండేవాళ్లం. గనిలో ఆయన పేరు ఆసీనులవారు. పెట్టింది నేనే.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం మా అక్కది. రోజూ ఆ ప్యాంటు ఉతకాలి. మరక చూసి, ఇవాళ పడమటి వైపు కూర్చున్నారా అని సబ్బు చేతిలో పట్టుకునే అడిగేది. ఒక పీట తీసుకెళ్లండి మహానుభావా అని పెళ్లయినప్పటినుంచీ పోరుతోంది. పీట మీద కూర్చుంటే నాకేం తెలుస్తుందే అని ఆయన. అదనే కాదు, అక్క చెప్పిన ఏ మాటా ఆయన చెవికెక్కింది లేదు.

ఆ ఏడు కొత్త గుట్టకు మా క్వార్టర్ల పైనున్న వాలు ఇచ్చారు. వాలు కింద మొట్టమొదటి ఇల్లు నాది. వానలు వచ్చేలోగా పోయడం మొదలెట్టాలని మేనేజరు అందరినీ పరుగులు పెట్టిస్తున్నాడు. చూడాల్సిన నేలలో ఆఖరి ముక్క ఒక్కటే మిగిలిన రోజున, పాతికేళ్ల సర్వీసు నిండినందుకు సాయంత్రం బావకు ఆఫీసులో ఫోటో తీస్తామన్నారు. అక్క మీగడ రంగు ప్యాంటు కుట్టించింది. ఒక్క మరక పడినా గుమ్మం తొక్కొద్దని చెప్పి పంపింది. ఆ పూట ఆయనకు ఏం బుద్ధి పుట్టిందో, పాలిథిన్ కవరు పరుచుకుని దానిమీద కూర్చున్నాడు. లేచి తడుముకుంటే పొడిగా ఉంది. ఉండక ఏం చేస్తుంది? నేల బాగుందని సంతకం పెట్టి ఫోటోకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భోజనానికి నేనూ అక్కడే ఉన్నాను. అక్క ప్యాంటు అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. పాతికేళ్లలో మొదటిసారి ఉతక్కుండా మడతపెట్టి బీరువాలో పెట్టింది. బావ మాత్రం కంచం ముందు అన్నం కలపకుండా కూర్చున్నాడు. ఫోటో పొగరు అనుకున్నాను.

మర్నాడు ఉదయానికల్లా పది లారీల రాయి దిగింది. నేను బ్లేడుతో సర్దుతుంటే బావ పరుగెత్తుకొచ్చి డోజరు ముందు చేతులు చాపి నిలబడ్డాడు. చెప్పే ధైర్యం చాలక అప్పటిదాకా స్టోరు గది చుట్టూ తిరిగాడని తర్వాత తెలిసింది. మేనేజరు జీపు దిగాడు. నలభైమంది మూగారు. నిన్న సంతకం పెట్టింది మీరే కదా, రాత్రికి రాత్రి ఏం మారిందని మేనేజరు నిలదీశాడు. తప్పు గొట్టాలమీదికి నెట్టేస్తే సరిపోయేది. నేనైతే అదే చేసేవాణ్ణి.

"నిన్న కవరు మీద కూర్చున్నానండీ," అన్నాడు బావ. "కొత్త ప్యాంటని."

నలభైమందీ పగలబడి నవ్వారు. మేనేజరూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. డోజరు మీదనుంచి చూస్తే మా ఇల్లు కనిపిస్తోంది, పెరట్లో నా పెళ్లాం బట్టలు ఆరేస్తోంది. భయమేసింది. ఇన్నాళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్న నోరు నాదేనని సిగ్గేసింది. ఎవరినీ అడక్కుండా బ్లేడు దించి ఆ రాయినంతా పక్కకు నెట్టేశాను. బావ అక్కడ కూర్చున్నాడు. పావుగంట కాకముందే లేచి మాకు వీపు తిప్పాడు. ప్యాంటు తడిసి నల్లగా ఉంది. అడుగున్నర తవ్వేసరికి నీళ్లు ఊరాయి.

రాళ్ల కాలువ వేయడానికి నాలుగు రోజులు పట్టింది. పని ఎందుకు ఆగిందో కాగితమ్మీద రాయమంటే బావ 'కొత్త ప్యాంటు' అనే రాశాడు. అక్కకు మాత్రం చెప్పొద్దని, తనవల్లే అనుకుని కుమిలిపోతుందని నన్ను బతిమాలాడు. నేను చెప్పలేదు. కానీ మిగతా నోళ్లు మూసేదెవరు? నాలుగో రోజు మేం ఇంటికి వెళ్లేసరికి అక్క ఆ మీగడ రంగు ప్యాంటు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. బావ చెప్పులు విడవకుండా వాకిట్లోనే ఆగిపోయాడు.

"పాతికేళ్లలో నా మాట ఒక్కటీ విన్లేదు కదండీ," అంది అక్క. "వినక వినక ఆ రోజే వినాలా?"