మరుగుజ్జుల పక్షం

ఫోన్లకు ఇంకా ఇంత తెలివి రాని ఆ రోజుల్లో, మంచి ఆట ఆడాలంటే గేమింగ్ సెంటర్ మెట్లెక్కాల్సిందే. మనిషికి మొండికేసే వయసు ఒకటుంటుంది కదా, నాకది ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు వచ్చింది. మొండికేసింది చదువు కోసమో, పెళ్లి వద్దనో కాదు. ఒక కంప్యూటర్ ఆటలోని మరుగుజ్జుల కోసం. కోట కట్టి, సైన్యాన్ని పోషించి, ఎదుటివాడి కోట కూల్చే ఆట అది. వానొస్తే కందకాలు నిండేవి, తిండి తగ్గితే సైనికులు అలిగేవాళ్లు. అంత ముచ్చటైన ఆటకూ ఒక తెగులుంది: డ్రాగన్లు. అవి ఎవరి దగ్గరుంటే గెలుపు వాళ్లదే. అందుకని అందరూ డ్రాగన్లే; నేలకింద సొరంగాలు తవ్వే మరుగుజ్జులను పట్టించుకునే దిక్కే లేదు. (పొట్టివాళ్లు గనకే నాకు వాళ్లమీద అభిమానమని మా బావ అనేవాడు. నా ఎత్తు ఇక్కడ అప్రస్తుతం.)

బావంటే జమ్మలమడుగులో ఉండే మా మేనత్త కొడుకు. పులివెందులలో ఒక సెంటర్ వాళ్లు పోటీ పెడితే ఇద్దరం పేర్లిచ్చాం. ముద్దనూరులో బస్సెక్కి నా ముందు సీట్లో కూలబడ్డప్పటి నుంచి ఒకటే నస.

"ఏమ్మే, ఈ తూరన్నా డ్రాగన్లను తీసుకో. నీ పొట్టోళ్లు సొరంగం తవ్వేలోపల నీ కోట కాల్చేసి టీ తాగొస్తా."

"అందరూ అవే తీసుకుంటే అది ఆట యాడయితాది బావా? నేను తీసుకోను."

పోటీలో మొదట తగిలిన అబ్బాయిలు నా సైన్యాన్ని చూసి నవ్వుతూ కాపలా మరిచిపోయారు. అలా ఒక్కొక్కరినీ ఓడిస్తూ చివరి ఆటలో బావకు ఎదురుపడ్డాను. అతని డ్రాగన్లు నా బురుజులను కాలుస్తుంటే కాలనిచ్చాను. నా మరుగుజ్జులు నేలకిందుగా పోయి, వాటి మేతకని బావ పెంచుకున్న గొర్రెలన్నిటినీ సొరంగంలోకి తోలుకుపోయారు. ఆకలేసిన డ్రాగన్లు తిరిగి సొంత కోట మీదే పడ్డాయి! అప్పటిదాకా నవ్విన జనమంతా నా కుర్చీ వెనక చేరారు. ఇంకొక్క గోడ కూలితే గెలుపు నాదే అనగా తెర బిగుసుకుపోయింది. (ఆటకున్న రెండో తెగులు. తెర మీద ఎక్కువమంది సైనికులు ఒకచోట చేరితే కదిలేది కాదు, మా వైపు పెళ్లి భోజనాల్లాగే.)

సెంటర్ యజమాని కువైట్‌లో పనిచేసి వచ్చినాయన, అందరికీ మామే. ఆయన జాలిగా చూశాడు. "మొదట్నుంచి ఆడాల్సిందే బేటీ. శానా బాగా ఆడుతాండావు, ఈ తూరి డ్రాగన్లను తీసుకో."

"తీసుకోను మామా."

ఈసారి బావ గొర్రెల చుట్టూ కాపలా పెట్టాడు. సొరంగం సగంలో ఉండగానే నా కోట బూడిదైంది.

కప్పు బావ చేతిలో పెడుతుంటే నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. "కోటలు బాగుండాయి, సొరంగాలు బాగుండాయి, ఆకలి గూడా బాగుండాది. అన్నిటినీ ఆ డ్రాగన్లే మింగేసినాయి!"

"ఓడిపోయినోళ్లు అట్లే అంటార్లే," అన్నారెవరో.

"అయితే గెలిచినోన్నే అడగండి!"

అందరూ బావ వైపు తిరిగారు. అతను కప్పును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇప్పుడు గెలిచిందాంట్లో ఏముంది మామా? ముందాట బిగుసుకపాయనే, అదీ ఆటంటే," అన్నాడు.

ఇప్పుడు నేను ఉద్యోగంలో పదిమందితో పాటు తలూపడం నేర్చుకున్నాను. కుర్చీ మీద నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నన్ను చూస్తే ఏమనేదోనని కొంచెం భయమూ వేస్తుంది.