మడినీళ్ల మోటరులో తోలుబిళ్ల

తుంగభద్ర డ్యాములో పుట్టిన కరెంటునంతా మా దావీదురాజు ఒక పూట తన పాతచెప్పు కింద తొక్కిపెట్టాడు. సరే, అంతా కాదు. డోన్ దగ్గర మా ఊరికి వచ్చినంత మటుకే. తొక్కిపెట్టడం కూడా కాదు. జరిగింది అంతకన్నా రోతగా ఉంటుంది.

దావీదురాజు కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులు బావిలోంచి నీళ్లు తోడే పెద్ద తోలుసంచులవి. అతని ఇంటి ముందు నానే తోళ్ల కంపుకు మేము ముక్కు మూసుకుని నడిచేవాళ్లం. ఆ తోలులో పైకొచ్చిన నీళ్లే ఊరంతా తాగేది. కుట్టినవాడు మాత్రం బావిగట్టు ఎక్కకూడదు. కింద నిలబడి దోసిలి పడితే ఎవరో ఒకరు పైనుంచి పోయాలి. కూలి కింద ఏటా కళ్లంలో ఇన్ని జొన్నలు కొలిచేవారు. దాన్ని మేర అనేవాళ్లం. అతని పిల్లల కూడు అదే.

1958లో కరెంటు వచ్చింది. తీగలు దావీదురాజు వాళ్ల పేట మీదుగానే మా పెదనాన్న తిమ్మారెడ్డి బావికి పోయాయి. పేటలో ఒక్క బల్బూ వెలగలేదు. మోటరు బిగించిన రోజు కరెంటాఫీసు పెద్దమనిషి ఉపన్యాసమిచ్చాడు. హోస్పేట దగ్గర నది నీళ్లు చక్రాలు తిప్పుతున్నాయనీ, ఆ కరెంటే మిల్లులకూ రైతులకూ, రేపు దేశానికంతటికీ బలమనీ చెప్పాడు. పెదనాన్న దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

"ఇంక తోలునీళ్లు తాగే ఖర్మ లేదు. ఇవి మడినీళ్లు," అని దావీదురాజు వైపు తిరిగాడు. "ఒరే దావీదూ, ఈ యేటి నుంచి నీకు మేర లేదు. ఆ బాన ఎత్తుకపో, కంపు కొడతాండాది."

పూజారి కొబ్బరికాయ కొట్టాడు. తొలినీళ్లు తీర్థంగా తీసుకుందామని పెదనాన్న దోసిలి పట్టాడు. మోటరు గుర్రుమంది గానీ నీళ్లు రాలేదు. ఫిట్టరు గొట్టం పైకి లాగి, అడుగున మూత విప్పాడు.

"లోపల తోలుబిళ్ల ఎండి పగిలిందండీ. అది లేకుంటే గొట్టంలో నీళ్లు నిలవవు."

"తోలా?" అన్నాడు పెదనాన్న.

"మడి యాడికి పాయె రెడ్డీ?" అన్నాడు గుంపులోంచి చిన్న ఈరన్న, ఎద్దులు తోలేవాడు.

అందరూ దావీదురాజును చూశారు. అతను కదల్లేదు.

"తోలుకేమి, ఇస్తా. మేర సంగతి ఇంతమంది ముందర ఇంకోతూరి చెప్పు రెడ్డీ."

పెదనాన్న ఆఫీసరును చూశాడు, పూజారిని చూశాడు. "ఎప్పట్లాగే కొలుస్తాలే, పోరా."

బాన పక్కనే పడి ఉంది. అందులోంచే కోస్తాడనుకున్నాం. దావీదురాజు దాన్ని ముట్టలేదు. రెడ్డి ముందు చెప్పులతో నిలబడకూడదు కాబట్టి తనవి చింతచెట్టు చాటున విడిచి వచ్చాడు. అక్కడికే పోయి, అరచేయంత బిళ్ల పట్టుకొచ్చాడు. ఫిట్టరు బిగించాడు. నీళ్లు దుమికాయి. పెదనాన్న కళ్లు మూసుకుని గుటగుటా తాగి, మిగిలింది నెత్తిన చల్లుకున్నాడు. నాకూ ఇంత పోశారు.

దావీదురాజు పేటకు పోతుంటే చూశాను. ఒక కాలికే చెప్పుంది. నేను తుపుక్కున ఉమ్మేశాను. చెప్పు తలుచుకుని కాదు, తడిసిన మీసాలతో మడి గురించి ఆఫీసరుకు చెబుతున్న మా పెదనాన్నను చూసి.

మొన్న చర్చి మెట్ల మీద కూర్చున్న ముసలి దావీదురాజును ఆ చెప్పు సంగతే అడిగాను.

"ఆ పొద్దు నేను ఊర్లోనే లేనప్పా, కోయిలకుంట్లకు పెండ్లికి పోయినా. అయినా నాకు చెప్పులు యాడివి ఆ కాలంలో? కాన్వెంటు బడిలో నీకు నేర్పిచ్చింది ఈ అబద్ధాలేనా?"