పూలజడ ఫోటో

ఇంటర్నెట్‌లో స్నేహాల సైట్లు సత్తుపల్లికి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, వాటిలో ఆడపిల్లలకు ముఖం ఉండేది కాదు. గులాబీ పువ్వో, టెడ్డీబేరో ఉండేది. మగపిల్లలకు మాత్రం ముఖంతోపాటు నల్లకళ్ళద్దాలు, బైకు (ఎవరిదో) కూడా ఉండేవి. మా అన్న అలాంటి ఫోటో పెడితే నాన్న నలుగురికీ చెప్పి మురిసిపోయారు. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చదువుతానన్న నాతో మాత్రం, "నీ ముఖం కనబడ్డదంటే ఖమ్మం లేదు, కంప్యూటర్ కోర్సూ లేదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

పువ్వుగా ఉండటానికి నాకు మనసొప్పలేదు. ఇంట్లో ఆల్బమ్ వెతికి, పూలజడతో, పరికిణీతో స్టూడియోలో నిలబడ్డ మూడేళ్ళ పిల్ల ఫోటో పెట్టాను. (ఆ పిల్ల మా అన్నే. భద్రాచలంలో పుట్టువెంట్రుకలు ఇచ్చేముందు అమ్మ ముచ్చట తీర్చుకుంది.) పేరు 'చిన్ని' అని రాశాను.

నెట్ సెంటర్‌కు అన్న తోడు లేనిదే నన్ను పంపేవారు కాదు. ఒకరోజు మేమిద్దరం అక్కడుండగా, పక్క కంప్యూటర్ దగ్గర్నుంచి అన్న స్నేహితుడు కేకేశాడు.

"అరేయ్, జల్దీ రా! మనూరి పిల్లేనంట. చిన్నప్పుడే గింత ముద్దుగుంటే ఇప్పుడెట్లుంటదో!"

అన్న వంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఖమ్మం బస్సు నన్నెక్కించుకోకుండానే కదిలిపోయిందనుకున్నాను.

"మూసెయ్‌రా. ఆ పిల్ల ఏం బాగలేదు."

"నీ కళ్ళు పోయినయా? ఆ బుగ్గలు చూడు!"

దారిలో అన్న పళ్ళు కొరికాడు. "రేపే తీసెయ్. లేకుంటే నాన్నకు చెప్తా."

"చెప్పు. ఎవరి ఫోటోనో కూడా చెప్పు." అన్నాను. "తీసేస్తే నా ముఖమే పెట్టుకుంటా."

అన్న రోడ్డు మీదే ఆగిపోయాడు. "వద్దొద్దు. నాదే ఉండనీ."

రాత్రి భోజనాల దగ్గర అన్న నోరు తెరిచినప్పుడల్లా నేను నాన్న ముఖం చూశాను. వాడు పెరుగు తప్ప ఇంకేమీ అడగలేదు. చెల్లెలి చదువుకు అడ్డురాని అన్న అని తర్వాత చుట్టాలంతా వాణ్ణే మెచ్చుకున్నారు! (దీన్నీ మరిచిపోలేదు.)

ఖమ్మం హాస్టల్లో చేరిన వారంలోనే ఎవరినీ అడగకుండా నా సొంత ఫోటో పెట్టాను. మొన్న దాన్ని మళ్ళీ చూశాను. పక్కకు తిరిగి, చున్నీ చాటున సగం ముఖం దాచుకొని నిలబడి ఉంది, అంత పోట్లాడి గెలిచిన పిల్ల. అక్కడ నాన్నా లేరు, అన్నా లేడు. ఎవరికి భయపడ్డావే, పిచ్చిదానా?