నలభై ఒకటో నంబరు

నెల్సన్‌కి ఏడుపు రాదు. నవ్వూ అంతంతమాత్రమే లెండి. ఏలూరు పవర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు, ఆదివారాలు చర్చి ఆఫీసులో పాత కంప్యూటర్ మిషన్ బాగోగులు చూసేవాడు. తండ్రి పోయిన రోజున కూడా, శవపేటికకి మేకులన్నీ సరిగ్గా దిగాయా లేదా అని చూసుకున్నాడట. అదీ మనిషి!

రెండువేల ఆరు వేసవిలో కొల్లేటి లంకల నుంచి యేసమ్మ వచ్చింది. చేపలబుట్ట దించి చర్చి ఆఫీసు గుమ్మంలోనే నిలబడింది.

"బాబుగారూ, మా చంటిదాన్ని ఇక్కడే, చర్చి వెనక సమాధుల్లో పెట్టామండీ. ఇరవయ్యేళ్ళయింది. రాయి లేనిచోట నేల చదును చేసేస్తారంటగా. నంబరు చెబితే ఒక రాయి పాతుకుంటానండీ."

అక్కడ డబ్బు లేనివాళ్ళ సమాధులకి రాళ్ళుండవు, నంబర్లే. నంబరు తెలిస్తే వరసలు లెక్కపెట్టుకుని చోటు పట్టుకోవచ్చు. కాగితాల రిజిస్టరు తమ్మిలేరు వరదలో ముద్దయిపోయింది. మిగిలిందల్లా మిషన్‌లో ఎక్కించిన జాబితా ఒక్కటే.

ఆ జాబితా చదివే ప్రోగ్రాం పాడైపోయింది. కొత్తది తెచ్చి ఆ మిషన్ మీదే కంపైల్ చేయబోతే, అంటే మిషన్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చబోతే, ఫలానా పేరు నాకు తెలీదని ఎర్రర్ ఇచ్చింది. ఫైలు ఎలా తెరవాలో చెప్పే పేరది. కొత్త మిషన్లలో దానికో అంకె రాసి ఉంటుంది, ఈ ముసలిదానికి ఆ పేరే లేదు. లేనప్పుడు ప్రోగ్రాంలో ఆ పేరున్న వరస తీసేసి, అది లేకుండానే నడిపించుకోవాలి. పిల్లలకి ఈ మాట చెప్పేది ఈయనే! కానీ గుమ్మంలో మనిషి ఎదురుచూస్తోంది. తను పాఠాలు చెప్పే సెంటర్లోని కొత్త మిషన్ తాలూకు అంకె నోటికొచ్చు కదాని అదే ఇక్కడ రాసేశాడు. కంపైల్ అయింది, ఒక్క ఎర్రరూ లేదు. ముందు జాబితాకి కాపీ తీసి పెట్టుకోవాలని తోచనే లేదు మహానుభావుడికి.

ప్రోగ్రాం నడిపాడు. తెర మీద ఒక్క పేరూ రాలేదు. జాబితా ఫైలు చూస్తే సైజు సున్నా. అదే అంకెకి ఈ పాత మిషన్‌లో అర్థం వేరు, ఉన్నదంతా తుడిచేసి ఫైలు తెరుస్తుంది.

అయ్యో అనాలి కదా మనిషన్నాక! అనలేదు. ఫైలు సైజు ఇంకోసారి చూశాడు, మళ్ళీ సున్నా.

"దొరికిందాండీ?"

"నలభై ఒకటండీ" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

వెళ్ళి వరసలు లెక్కపెట్టి చూపించాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి మట్టిని అరచేత్తో నిమిరింది. "ఇక్కడేనండీ, నాకు గుర్తొస్తోంది" అంది. రాయి పాతింది. ఆ తర్వాత ఏటేటా సమాధుల పండగకి వచ్చి కొవ్వొత్తులు వెలిగించేది, నెల్సన్‌కి కొరమేను తెచ్చిచ్చేది. అతను తీసుకునేవాడు. చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాడు, తీరా ఆవిడ ఎదురుపడితే చేపల ధర అడిగి పంపేసేవాడు.

"నేను పోతే దాని పక్కనే పెట్టించండి బాబూ" అంది చివరిసారి వచ్చినప్పుడు. సరేనన్నాడు.

మూడేళ్ళకి యేసమ్మ పోతే, మాటిచ్చినట్టే నలభై ఒకటి పక్కన పెట్టించాడు. అందరూ ఏడుస్తుంటే పేటికకి మేకులు సరిగ్గా దిగాయో లేదో చూసుకున్నాడు. గోతిలో వెయ్యడానికి అందరితోపాటు వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి తలుపు తియ్యబోతే తెలిసింది, ఆ మట్టి ఇంకా గుప్పిట్లోనే ఉంది.