హద్దురాయికి ఒక కుర్చీ

మా వదిన ఉద్యోగం నిలబడటం. ఎవరైనా అడిగితే ఆవిడే అలా చెబుతుంది, అదేదో పెద్ద చదువు చదివి సంపాదించుకున్న హోదా అయినట్టు. బోటు మనుషులు ఆవిడకి హద్దురాయి అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకి మండదు. ఇరవై రెండేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన మనిషికి మండటానికి ఒంట్లో ఇంకేం మిగులుతుంది?

సంగతేమిటంటే, తీరం నుంచి బోటులో ఇరవై నిమిషాలు వెళితే సముద్రం మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉంది. పోటు వేళ అది కనబడనే కనబడదు. ఆటు వేళ దాని మీద నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోతాయి. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని, నడిమధ్యన నిలబడి నీళ్ళు చల్లుకోవచ్చు, భయం లేకుండా ఈదొచ్చు. ఆ వింత కోసం జనం టిక్కెట్లు కొనుక్కుని వస్తారు. బోటుకి ముప్ఫై మంది, ఒకరి మొహం ఒకరికి తెలియని వాళ్ళు. ఎక్కేటప్పుడు సీట్ల కోసం కొట్టుకుంటారు, దిగేసరికి ఒకరి పిల్లల ఫోటోలు ఒకరు తీస్తుంటారు. నీళ్ళు దిగి ఉన్న నాలుగైదు గంటల్లోనే రెండు ట్రిప్పులు వేయాలి.

దిబ్బకి మూడు వైపులా లోతు మెల్లగా పెరుగుతుంది. బోటు ఆగే వైపు మాత్రం అలా కాదు. ఒక అడుగు నడుం లోతు, తర్వాతి అడుగు నిలువు లోతు. పైగా ఆ అంచు నిన్న ఉన్న చోట ఇవాళ ఉండదు. గాలి ఎటు కొడితే ఇసుక అటు జరుగుతుంది. అందుకని లంగరు వేయగానే అందరికంటే ముందు వదిన దిగుతుంది. అన్నయ్య పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, గడ్డం కింద గుడ్డపీలికతో కట్టుకున్న టోపీ. చెప్పులు లేకుండా, పక్కకి పక్కకి అడుగులు వేస్తూ, కాలివేళ్ళతో ఇసుకని తడుముకుంటూ వెళ్ళి ఒకచోట ఆగుతుంది. ఆగి చెయ్యెత్తుతుంది. అప్పుడు నేను జనానికి చెబుతాను.

"బోటు ముక్కు నుంచి ఆ టోపీ పెట్టుకున్న ఆవిడ దాకా ఒక గీత అనుకోండి. ఆ గీత దాటారో, ఇక నన్ను అడగొద్దు."

నా ఉద్యోగం ఇదీ. లైఫ్ జాకెట్లు తొడగడం, నిచ్చెన దించడం, తలలు లెక్కపెట్టడం, కక్కుకున్న పిల్లల మూతులు తుడవడం. నా సంసారం ఎందుకు చెడిందో ఇక్కడ అనవసరం. పన్నెండేళ్ళ కింద పెట్టె పట్టుకుని అన్నయ్య ఇంటికి వస్తే, వదిన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, "పొద్దున్నే ఆరింటికి బోటు, పడుకో," అంది. ఆ మర్నాటి నుంచి నేనూ బోటు మనిషినే.

సాయంత్రం ఇంటికి రాగానే వదిన వంటగది గుమ్మంలో పీట వేసుకుని, వేణ్ణీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ కాళ్ళు చూడటం నాకు ఇష్టం ఉండదు. అరికాళ్ళు నానిన కాగితంలా తెల్లగా ఉంటాయి. పిక్కల మీద నరాలు ముడులు పడి ఉబ్బి ఉంటాయి. కిందటేడు డాక్టరు దగ్గరికి బలవంతంగా తీసుకెళ్ళాను. ఆయన అటూ ఇటూ నొక్కి చూసి, "ఇంకో ఏడాది ఇలాగే చేస్తే మీ అంతట మీరు మెట్లు కూడా ఎక్కలేరు. నిలబడే పని మానెయ్యండి," అన్నాడు.

"నిలబడటం కాక నాకు ఇంకో పని రాదండి," అంది వదిన. నవ్వుతూనే అంది. ఇంటి మెట్లు మాత్రం నా భుజం పట్టుకుని ఎక్కింది.

ఈ ఏడు టిక్కెట్ల గదిలో కూర్చునే ఆవిడ, కూతురికి పురుడు పోయడానికి వెళ్ళి, ఇక రానని కబురు చేసింది. రేవు మీద చిన్న గది అది. ఒక ఫ్యాను, ఒక కిటికీ, దిండు కట్టిన ఒక కుర్చీ. వదిన జీవితంలో దేన్నీ నోరు తెరిచి అడగలేదు. ఆ కుర్చీని అడిగింది.

బోటు ఓనరు ఎదురు ప్రశ్న వేశాడు. "నిన్ను అక్కడ కూర్చోబెడితే దిబ్బ మీద ఎవరు నిలబడతారు?"

నిజమే, ఎవరు నిలబడతారు? ముగ్గుర్ని పెట్టి చూశాం లోగడ. ఒకడు మూడో రోజుకే పారిపోయాడు, మిగతా ఇద్దరికీ అంచు పట్టడం చేతకాలేదు. ఆఖరికి ఓనరే ఎక్కడినుంచో ఒక తాడు తెప్పించాడు. మూరెడుకొక నారింజ రంగు బంతి కట్టి ఉంటుంది, రెండు కొసలకీ బరువులు. అంచు వెంబడి వేసేస్తే అదే హద్దు.

"వారం రోజులు చూద్దాం. నువ్వు నీళ్ళలో కాలు పెట్టకుండా వారం గడిస్తే, ఒకటో తారీఖు నుంచి కుర్చీ నీదే," అన్నాడు.

"తాడు రోజూ జరపాలండి."

"పదిహేను రోజులకోసారి జరిపితే చాలన్నారు, కొన్నచోట."

"సముద్రానికి కూడా చెప్పారా?" అంది వదిన. నేను ఆవిడ చెయ్యి గిల్లాను. కుర్చీ వస్తుంటే ఇప్పుడా వేళాకోళం?

ఆ వారం వదిన బోటు మీదే, వెనక భాగంలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మొదటి రోజు పరాయివాళ్ళ ఇంటికి వచ్చినట్టు అంచున కూర్చుంది. మూడో రోజుకి వెనక్కి వాలింది. ఐదో రోజున నోరు తెరుచుకుని నిద్రపోయింది. గురక విని సరంగు, బోటు నడిపే పెద్దాయన, "రెండో ఇంజను ఎవరు స్టార్ట్ చేశారు?" అన్నాడు. ఆరో రోజు సాయంత్రం బకెట్ అక్కర్లేదంది. కాళ్ళు చాపుకుని, అరికాళ్ళు తిప్పి తిప్పి చూసుకుంది. "ఇవి నా కాళ్ళలా లేవే," అంది. పొడిగా ఉన్నాయి. కాస్త రంగు వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గిన్నెలు కడిగే వంకతో లోపలికి పోయాను.

ఆ రాత్రి గాలి కొట్టింది.

ఏడో రోజు మొదటి ట్రిప్పుకి ఓనరు కూడా ఎక్కాడు, తాడు చూసుకుని మురిసిపోవడానికి. లంగరు వేశాం. నిచ్చెన దించాను. జనం బిలబిలమంటూ దిగిపోయారు. మోకాలి లోతు చూసి, రోజూ జరిగేదే, జాకెట్లు విప్పి భుజాన వేసుకున్నారు. వాళ్ళని దింపి నేను పైకి వచ్చేసరికి వదిన కుర్చీలోంచి ముందుకి వంగి చూస్తోంది.

"చూశావా?" అంది.

చూశాను. పన్నెండేళ్ళలో ఆ మాత్రం నాకూ తెలిసింది. దిబ్బ మీద నీళ్ళు లేత రంగులో ఉంటాయి, లోతు మొదలైన చోట ముదురుతాయి. ఆ ముదురు రంగు తాడుకి ఆరేడు అడుగులు ఇవతలికి వచ్చేసింది. రాత్రికి రాత్రి అంచు జరిగింది. తాడు మాత్రం వేసిన చోటే ఉంది. జనం తాడు వైపే నడుస్తున్నారు. ఎందుకు నడవరు? తాడు ఉంది కదా.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా చెప్పడం అనవసరం. ఆ క్షణంలో నేను వదిన భుజం పట్టుకుని, "కూర్చో. ఈ ఒక్క పూటే. సరంగు చూసుకుంటాడులే," అన్నాను. ముప్ఫై మంది ప్రాణాలు నాకు కనబడలేదు. రెండు పొడి అరికాళ్ళు కనబడ్డాయి. దానికి సిగ్గుపడుతున్నానా అంటే, పడుతున్నాను. మళ్ళీ అలాంటి గడియ వస్తే ఆ మాట అనకుండా ఉంటానా అంటే, ఒట్టు వేయలేను.

సరంగు హారన్ కొట్టాడు. "ఇంకా గంట టైముంది!" అని నీళ్ళలోంచి ఎవరో కేకేశారు. నేను విజిల్ ఊదాను. ఒక కుటుంబం మొత్తం ఇటు తిరిగి, ఫోటో అనుకుని, నవ్వుతూ చేతులూపింది. నా తలప్రాణం తోకకి వచ్చింది. అటు చూస్తే ఒక లావుపాటి ఆయన కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, బంతుల వైపు తాపీగా నడుస్తున్నాడు. పిల్ల ఆయన జుట్టు పట్టుకుని గుర్రం తోలినట్టు తోలుతోంది.

వదిన లేచింది. నా చెయ్యి తీసేసి, కుర్చీ మీదున్న టోపీ తీసుకుని, పీలిక కట్టుకోవడానికి కూడా ఆగకుండా నిచ్చెన దిగింది. ఆవిడ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. అది పరుగు కూడా కాదు. మోకాళ్ళు వంగక, నీళ్ళని తొడలతో తోసుకుంటూ పోయింది. ముదురు రంగు మొదలైన చోటికి చేరి, కాలితో ఒకసారి తడిమి, వీపు సముద్రం వైపు పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడింది. లావుపాటాయన ఆ చేతులకి రెండడుగుల ఇవతల ఆగాడు. నేనూ వెనకే పడుతూ లేస్తూ వెళ్ళాను కాబట్టి మాటలు వినబడ్డాయి.

"ఏంటమ్మా అడ్డం? తాడు అక్కడుంది కదా!"

"ఆ తాడు నిన్నటిదండి. నేను ఇవాళ్టిదాన్ని."

ఆయనకి నమ్మకం కలగలేదు. టిక్కెట్టు కొన్నాం, ఇష్టమొచ్చినట్టు తిరుగుతాం అని ఏదో గొణుగుతూ, ఆవిడ పక్కనుంచి ఒక కాలు ముందుకి పెట్టాడు. కాలు పెట్టిన చోట ఏమీ లేదు. తొడ దాకా దిగబడి ఒరిగిపోయాడు. వదిన ఒక చేత్తో ఆయన చొక్కా, ఇంకో చేత్తో పిల్ల కాలు పట్టుకుంది. నేను ఆయన నడుం పట్టి వెనక్కి లాగాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్లని గట్టిగా పట్టుకుని, మోకాలి లోతులోకి వెళ్ళిపోయాడు. కనీసం ఒక మంచి మాట అన్నాడా? లేదు. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ అడిగింది.

"నాన్నా, ఆవిడ ఎంతసేపు అలా నిలబడతారు?"

వదిన అందరూ ఎక్కేదాకా అలాగే నిలబడింది. రెండో ట్రిప్పుకీ నిలబడింది.

ఓనరు మొదటి ట్రిప్పులోనే తాడు పైకి లాగించేశాడు. కోప్పడి ఉంటే నేను నాలుగు మాటలు అని కడుపుమంట తీర్చుకునేదాన్ని. ఆయన కోప్పడలేదు. పైగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీలాంటి మనిషి ఇంకొకరు దొరకరమ్మా. నువ్వుండగా ఈ బోటుకి భయం లేదు," అన్నాడు. పొగడ్త వింటే అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మూడో రోజుకల్లా టిక్కెట్ల గదిలో ఆయన బావమరిది కూతురు కూర్చుంది. ఫ్యాను కింద, కాలు మీద కాలు వేసుకుని.

ఆ మర్నాడు నేనొక తెలివితక్కువ పని చేశాను. బోటు మీది ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టుకుని, నీళ్ళలో నడిచి వెళ్ళి, వదిన వెనక వేశాను.

"కుర్చీ ఎక్కడికి?" అని ఓనరు అరిచాడు.

"బోటు కుర్చీయే, బోటు మనిషే కూర్చుంటుంది!" అని నేనూ అరిచాను.

వదిన మొహమాటపడుతూ కూర్చుంది. వెనక కాళ్ళు రెండూ ఇసుకలోకి దిగిపోయాయి. ఆవిడ వెల్లకిలా నీళ్ళలో పడింది. టోపీ ఒకవైపు, కుర్చీ ఒకవైపు తేలాయి. లేచి కూర్చుని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ మోకాలు పట్టుకుని, లేవలేక, నా చెయ్యి అందుకుంది. అప్పుడు చూశాను, ఎంత బరువుగా పట్టుకుందో.

"నాకు నేర్పించు," అన్నాను.

"ఏంటి?"

"నిలబడటం."

వద్దంది. నీకెందుకే అంది. నీ నోటికి బోటు మీది పనే బావుంది అంది. నేను వినలేదు. ఇరవై రోజులు పట్టింది. కళ్ళు మూసుకోమనేది. గట్టి ఇసుక కాలిని ఆనించుకుంటుంది, అంచు దగ్గర వేళ్ళ కిందనుంచి జారుకుంటుంది, ఆ జారుడు తెలిసిన చోట నుంచి రెండడుగులు వెనక్కి రావాలి. చెప్పడానికి ఇంతే. ఆవిడ కాళ్ళకి తెలిసింది నా కాళ్ళకి తెలియడానికి నేను ఎన్నిసార్లు మునిగానో సరంగుని అడగండి, వేళ్ళు ముడిచి లెక్క చెబుతాడు.

ఇప్పుడు మొదటి ట్రిప్పుకి వదిన, రెండో ట్రిప్పుకి నేను. నిన్న నేను ఒక్కదాన్నే నిలబడిన మొదటి రోజు. అరగంటకే నడుం పట్టేసింది. ఎండ నెత్తి మీద, ఉప్పు కళ్ళలో, చిన్న చేపలు పిక్కలు కొరుకుతుంటే కదలడానికి లేదు. ముప్ఫై మంది కేరింతలు కొడుతున్నారు, ఒక్కరికీ నేను మనిషినని తోచలేదు. ఇరవై రెండేళ్ళు ఆవిడ ఇక్కడ ఏం ఆలోచిస్తూ నిలబడిందో అనుకున్నాను. నాకైతే ఎప్పుడు కూర్చుంటానా అన్నది తప్ప ఇంకో ఆలోచన రాలేదు. అదే అయి ఉంటుంది ఆవిడకీ.

బోటు మీద కుర్చీలోంచి వదిన కేకేసింది. "అంచు నుంచి ఇంకో అడుగు వెనక్కి!"

సరిగ్గానే ఉన్నానని నాకు తెలుసు. అయినా వెనక్కి వేశాను. వేయగానే, అప్పటిదాకా నేను నిలబడ్డ చోట ఇసుక జారి కిందకి పోయింది.

సాయంత్రం గుమ్మంలో రెండు పీటలు వేసుకున్నాం. ఒకే బకెట్‌లో నాలుగు కాళ్ళు పెట్టబోతే నీళ్ళన్నీ వంటగదిలోకి పొర్లాయి. వదిన తన కాళ్ళు తీసేసి, నా కాళ్ళని రెండు చేతులతో పట్టి నీళ్ళలో పెట్టింది. అరికాళ్ళు తెల్లబడి ఉన్నాయి. వాటిని బొటనవేలితో నొక్కి చూసింది.

"రేపు ఇంకో బకెట్ కొనాలి," అంది.